ఫాంటసీ నవలలో ఆకాశ శకునాన్ని పదే పదే వాడటం ఎలా? (పాఠకుడు విసుక్కోకుండా)

ఫాంటసీ రాసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "నా కథలో ఎర్ర చంద్రుడు ఉన్నాడు, లేదా తోకచుక్క ఉంది, మొదటిసారి వచ్చినప్పుడు బాగానే ఉంటుంది, మూడోసారి వచ్చేసరికి నాకే బోర్ కొడుతోంది, ఏం చేయాలి?" విడివిడిగా జవాబిచ్చి అలసిపోయాను, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నా మొదటి డ్రాఫ్టులో ఎర్ర చంద్రుడు పదకొండుసార్లు వచ్చాడు. చదివిన స్నేహితుడు ఏడోసారి పక్కన పెన్సిల్‌తో "మళ్ళీ వచ్చాడా?" అని రాసి, ఆ తర్వాత రాయడం కూడా మానేశాడు. కింద ఉన్నదంతా ఆ పెన్సిల్ గీత నుంచి నేర్చుకున్నదే.

కావలసినవి

ఒక తెల్ల కాగితం, మీ కథా కాలానికి ఒక క్యాలెండర్ (మీ ప్రపంచంలో నెలకు ఎన్ని రోజులైనా సరే, క్యాలెండర్ మాత్రం ఉండాలి), నాలుగు రంగుల పెన్నులు, మీ కథ అసలు చదవని ఒక మనిషి. ఖగోళ శాస్త్రం పెద్దగా అక్కర్లేదు, కావలసినంత ఇక్కడే చెబుతాను.

అన్ని మెట్లకూ ఒకటే ఉదాహరణ తీసుకుంటాను, నేనే అల్లినది. ఒక రాజ్యంలో "గుడ్డిచుక్క" అనే నక్షత్రం ఉంది. ఏడేళ్లకోసారి నలభై రాత్రులు మాయమై, నలభై ఒకటో రాత్రి మళ్ళీ కనిపిస్తుంది. అది దేవుడి కన్ను అని జనం నమ్మకం. కన్ను మూసి ఉన్నప్పుడు తీర్పు చెప్పకూడదు కాబట్టి ఆ నలభై రోజులూ న్యాయసభకు సెలవు. మా కథానాయిక నీలి ఆ రోజుల్లోనే పుట్టింది.

1. ముందు పైన ఏముందో తేల్చుకోండి

చాలామంది "ఏదో ఒక వింత" అని మొదలుపెట్టి, ఒక చాప్టర్లో తోకచుక్క అని, ఇంకో చాప్టర్లో అదే ఉల్కలా ఆకాశాన్ని చీల్చుకుంటూ పోయిందని రాస్తారు. రెండూ వేరు. ఉల్క కొన్ని సెకన్లలో అయిపోతుంది. తోకచుక్క వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కనిపిస్తుంది, చూస్తుంటే కదిలినట్టే ఉండదు, ఇవాళ ఉన్న చోటుకు రేపు కొంచెం జరిగి ఉంటుంది, అంతే. సంపూర్ణ సూర్యగ్రహణంలో పూర్తి చీకటి ఎంత ఎక్కువైనా ఏడున్నర నిమిషాలే, చాలాసార్లు అంతకన్నా బాగా తక్కువ. సంపూర్ణ చంద్రగ్రహణంలో చంద్రుడు ఎర్రబడి గంటన్నరకు పైగా కూడా ఉండగలడు. ఇక కొత్త చుక్క పుట్టడం అంటారా, 1054లో చైనా పరిశీలకులు నమోదు చేసిన నక్షత్ర విస్ఫోటనం 23 రోజుల పాటు పట్టపగలే కనిపించింది, రాత్రిపూట దాదాపు రెండేళ్లు.

ఈ నిడివిని బట్టే మీ కథకు ఏది సరిపోతుందో తేలుతుంది. యుద్ధం మధ్యలో ఒక్కసారిగా గందరగోళం కావాలంటే సూర్యగ్రహణం. రాత్రంతా నడిచే సీన్ అయితే చంద్రగ్రహణం. మెల్లగా నెలల తరబడి పేరుకునే టెన్షన్ కావాలంటే తోకచుక్క. పదే పదే రావాలంటే మాత్రం తిరిగి వచ్చే గుణం ఉన్నదే ఎంచుకోండి. హేలీ తోకచుక్క సుమారు 76 ఏళ్లకోసారి వస్తుంది, 1910లో వచ్చింది, 1986లో వచ్చింది, ఇక 2061లో రావాలి. మీ కథ మూడు నెలల్లో ముగిసేదైతే ఇలాంటిది ఒక్కసారే వస్తుంది, అప్పుడు మిగతా పనంతా 6వ మెట్టులో చెప్పే పద్ధతిలో చేయాలి. మీరా అనే నక్షత్రం సుమారు 332 రోజులకోసారి బాగా వెలిగి, మధ్యలో చాలా నెలలు మామూలు కంటికి కనిపించకుండా పోతుంది. నా గుడ్డిచుక్కకు బీజం అదే.

2. దాని నియమాలు ఒక్క కాగితం మీద రాసుకోండి

ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎవరికి కనిపిస్తుంది. మూడే గీతలు. ఇది రాయకుండా ముందుకు వెళ్తే ఇరవయ్యో చాప్టర్లో ఇరుక్కుంటారు.

హెచ్చరికలు ఇక్కడే ఎక్కువ, కాస్త ఓపిగ్గా చదవండి. సూర్యగ్రహణం అమావాస్య నాడే, చంద్రగ్రహణం పౌర్ణమి నాడే. గ్రహణానికి ముందు రాత్రి మీ హీరో వెన్నెల్లో గుర్రం మీద వెళ్తున్నట్టు రాస్తే, ఆ గ్రహణం సూర్యుడిదైతే మీ కథ అక్కడే తేలిపోయింది. చంద్రగ్రహణాన్ని రాత్రిగా ఉన్న సగం భూమీ చూస్తుంది, సంపూర్ణ సూర్యగ్రహణం మాత్రం ఒక సన్నని దారి వెంటే, కాబట్టి రాజధానిలోనూ, వెయ్యి మైళ్ల అవతల ఎడారిలోనూ ఒకే క్షణంలో పూర్తిగా చీకటి పడదు. ఒకే ఊరికి సంపూర్ణ సూర్యగ్రహణం సగటున సుమారు 375 ఏళ్లకోసారి వస్తుంది, మీ ముసలావిడ "నా చిన్నప్పుడూ ఇక్కడే చూశాను" అంటే దానికో కారణం ఉండాలి. తోకచుక్క తోక వెనక్కి ఉండదు, సూర్యుడికి ఎదురు దిక్కులో ఉంటుంది, అది సూర్యుడి నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు తోక ముందు నడుస్తుంది. (ఈ చిన్న విషయం మీ జోస్యుడి నోట పెట్టి చూడండి, అతను నిజంగా ఆకాశం చూసే మనిషని పాఠకుడు వెంటనే నమ్ముతాడు.)

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. గుడ్డిచుక్కను మొదట ఆకాశంలో ఎక్కడో పెట్టేశాను. ధ్రువానికి దగ్గరగా లేని చుక్కలు చాలావరకు ఏటా కొన్ని వారాలు సూర్యుడి వెలుగులో మునిగి ఎలాగూ కనపడవు. అంటే నా "ఏడేళ్లకోసారి" వింత ప్రతి ఏడూ జరుగుతున్నట్టే. దాన్ని ఉత్తరానికి, ధ్రువం దగ్గరికి జరిపాను, సమస్య తీరింది.

మీది మాయా ప్రపంచం, ఇద్దరు చంద్రులు ఉన్నారు, ఈ నియమాలేవీ వర్తించవు అంటారా? సరే, మీ నియమాలు మీరే పెట్టుకోండి. కానీ పెట్టుకోండి. అవి మీరే దాటినప్పుడు కథలో ఒకరికైనా ఆ సంగతి తెలియాలి. భీష్మపర్వంలో వ్యాసుడు ధృతరాష్ట్రుడికి ఉత్పాతాలు చెబుతూ, పద్నాలుగో రోజున, పదిహేనో రోజున, పదహారో రోజున అమావాస్య రావడం ఎరుగుదును గాని పదమూడో రోజునే రావడం ఎన్నడూ ఎరగనంటాడు. భయం అమావాస్యలో లేదు, లెక్క తప్పడంలో ఉంది. లెక్క తెలిసిన మనిషి ఆశ్చర్యపోతే వినేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది, లెక్క చెప్పకుండా "మునుపెన్నడూ లేని గ్రహణం" అంటే ఏమీ అనిపించదు.

3. కనీసం ముగ్గురు చూడాలి, ముగ్గురూ మూడు రకాలుగా చదవాలి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. శకునానికి తనంతట తనకు అర్థం ఉండదు, చూసినవాడి అవసరమే దాని అర్థం. చరిత్ర నిండా ఇవే ఉదాహరణలు. క్రీ.పూ. 44లో సీజర్ హత్య తర్వాత ఆయన గౌరవార్థం జరిగిన ఆటల సమయంలో ఏడు రోజులు తోకచుక్క కనిపించింది. అది సీజర్ ఆత్మ దేవతల్లో కలిసిపోతోందన్న నమ్మకం జనంలో పాకింది, వారసుడు ఆ చుక్కను నాణేల మీదకు ఎక్కించి తన రాజకీయానికి వాడుకున్నాడు. మామూలుగా తోకచుక్క అంటే కీడు అనుకునే కాలం అది. 1504 ఫిబ్రవరి 29న జమైకాలో చంద్రగ్రహణం వస్తుందని కొలంబస్‌కు పంచాంగం చూసి ముందే తెలుసు. తిండి ఇవ్వడం మానేసిన అక్కడివాళ్లను "దేవుడికి కోపం వచ్చింది, చంద్రుణ్ణి మాయం చేస్తాడు" అని బెదిరించి పని జరిపించుకున్నాడు. కాబట్టి మీ కథలో తేదీ ముందే తెలిసిన మనిషి ఎవరో తప్పకుండా తేల్చుకోండి, అధికారం వాడి చేతిలోనే ఉంటుంది.

గుడ్డిచుక్క సంగతికి వస్తే, రాజజ్యోతిష్కుడికి అది దేవుడి కన్ను. దొంగలకు అది "మన నెల", ఎందుకంటే పట్టుబడినా నలభై రోజులు తీర్పు లేదు. మంత్రసానికి అది పేరు పెట్టకూడని కాలం, ఆ రోజుల్లో పుట్టిన పిల్లలను చుక్క తిరిగి వచ్చేదాకా "పాపా" అనే పిలుస్తారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

మీకు ముగ్గురు దొరకకపోతే ఒకే మనిషి మూడు వయసుల్లో చూసినా సరిపోతుంది. అసలు పట్టించుకోని మనిషిని ఒకణ్ణి పెట్టడం కూడా బాగా పనిచేస్తుంది, ఊరంతా మెడలెత్తి చూస్తుంటే తెగిన చెప్పు కుట్టుకుంటున్నవాడు.

4. ఎవరైనా ఏదైనా నష్టపోవాలి

క్రీ.పూ. 413లో సిసిలీ దీవిలోని సిరక్యూస్ నగరం దగ్గర ఏథెన్స్ సైన్యం ఓడిపోయి, తట్టా బుట్టా సర్దుకుని వెనక్కి బయలుదేరబోతుంటే చంద్రగ్రహణం పట్టింది. జోస్యులు మూడు తొమ్మిదులు, అంటే 27 రోజులు ఆగమన్నారు. సేనాని నికియస్ ఆగాడు. ఆ ఆలస్యంలో శత్రువు రేవును మూసేశాడు, నౌకలు పోయాయి, సైన్యం పోయింది, నికియస్ ప్రాణం కూడా పోయింది. గ్రహణం చేసింది ఏమీ లేదు. దాన్ని నమ్మి తీసుకున్న నిర్ణయమే ముంచింది.

మీ శకునం వచ్చిన ప్రతిసారీ ఇదే అడగండి: "దీన్ని చూసి ఎవరు ఏం చేశారు, లేదా చేయడం మానేశారు?" జవాబు లేకపోతే ఆ సీన్ వాల్‌పేపర్. నీలికి ఏడేళ్లప్పుడు తండ్రి మీద దొంగతనం నేరం పడింది. చుక్క మాయమైంది, తీర్పు వాయిదా పడింది, ఇంకో నలభై రోజులు చెరసాలలో. ముప్పై ఒకటో రోజున జ్వరంతో పోయాడు. అతను నిర్దోషి అని తెలిసిన సాక్షి నలభై ఒకటో రోజు ఉదయం సభకు వచ్చాడు.

5. ఎన్నిసార్లు రావాలో, ప్రతిసారీ ఏం మారాలో నిర్ణయించుకోండి

నవలకు నాలుగు నుంచి ఆరు నేరు దర్శనాలు చాలు. చిన్న కథకైతే ఒకటి, దాని నీడ ఒకటి. ఇది నా అంచనా మాత్రమే, కానీ పదకొండు ఎక్కువని మాత్రం గట్టిగా చెప్పగలను.

రంగు పెన్నులు ఇప్పుడు తీయండి. ఒక్కో దర్శనానికి ఒక్క మాట, రెండు కాదు, ఒక్క మాట రాయండి. నాది ఇలా ఉంది: పుట్టుక నాడు "పేరు", ఏడేళ్లకు "ఎదురుచూపు", పద్నాలుగేళ్లకు దొంగల ముఠాలో "అవకాశం", ఇరవై ఒకటికి న్యాయసభ మెట్ల మీద "సాకు". ఏ రెండు మాటలు ఒకటే అయినా ఒక దర్శనాన్ని కొట్టేయండి. అన్నిటికీ "కీడు" అని రాశారా, మీకు ఉన్నది ప్రతీక కాదు, అలారం గడియారం.

6. ఆకాశంలో లేనప్పుడు నేల మీద ఉండాలి

ఏడేళ్లకోసారి వచ్చేదాన్ని మధ్యలో పాఠకుడు మరిచిపోకూడదంటే దాని జాడలు మనుషుల వస్తువుల్లో, మాటల్లో దిగాలి. గుడ్డిచుక్క రాజ్యంలో న్యాయసభ ముద్ర మీద కన్ను ఉంటుంది. జనం ఒట్టు వేసేటప్పుడు "చుక్క చూస్తోంది" అంటారు. దొంగలు ఒకరికొకరు ఒక కన్ను మూసి సైగ చేసుకుంటారు. వీటిలో దేన్నీ వివరించకండి. మొదటిసారి పాఠకుడికి అర్థం కాదు, రెండోసారి అనుమానం వస్తుంది, మూడోసారి తనే కనిపెట్టానని మురిసిపోతాడు, ఆ ముచ్చట మనం లాక్కోకూడదు.

జాగ్రత్త ఒక్కటే: జాడలన్నీ గుండ్రటి వస్తువులు, ఎర్రటి వస్తువులు చేసేయకండి. ఎర్ర చంద్రుడు, ఎర్ర చీర, ఎర్ర పండు, ఎర్ర ముద్ర... నాలుగోదానికి పాఠకుడు నవ్వుతాడు.

7. సీన్ రాసేటప్పుడు తల ఎత్తకండి

అంటే మీరు కాదు, మీ వాక్యం. మొదటి వాక్యంలోనే ఆకాశం చూపిస్తే చెప్పడానికి ఇక ఉపమానాలే మిగులుతాయి. ఇది చూడండి:

"ఆకాశంలో చంద్రుడు రక్తపు ముద్దలా వేలాడుతున్నాడు. గాలి స్తంభించింది. ఏదో ఘోరం జరగబోతోందని ఆమె మనసు హెచ్చరించింది."

దీనిలో తప్పేమీ లేదు, అదే దీని బాధ, ఎవరైనా రాయగలరు. ఇప్పుడు ఇది:

"ఆ రాత్రి సభ వాకిట్లో కాపలావాడు దీపాలు లెక్కపెట్టాడు. ఆరు. రోజూ ఐదే వెలిగిస్తారు. ఎందుకని అడిగితే గుమాస్తా తల ఎత్తకుండానే, 'పైన ఒకటి తగ్గింది కదా' అన్నాడు."

చుక్క పేరు కూడా రాలేదు. అయినా రాజ్యం మొత్తం దానితో ఎలా బతుకుతోందో తెలిసిపోయింది.

గ్రహణమైతే నేల మీద బోలెడు సరుకు ఉంది. సూర్యుడు సగం మూసుకున్నప్పుడు చెట్టు ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మచ్చలన్నీ నెలవంకల్లా మారతాయి. నీడల అంచులు పదునెక్కుతాయి. చల్లబడుతుంది. పక్షులు గూళ్లకు మళ్లుతాయి. పూర్తిగా మూసుకున్నాక ఒక్క పడమర కాదు, చుట్టూ అన్ని దిక్కుల్లోనూ సంధ్య వెలుగు కనిపిస్తుంది, పగలే చుక్కలు తేలతాయి. వీటిలో రెండే వాడండి. అన్నీ దంచేస్తే పాఠ్యపుస్తకం అవుతుంది.

8. ఒక్కసారి, ఒకే ఒక్కసారి లెక్క తప్పించండి

పాఠకుడికి లయ అలవాటయ్యాక దాన్ని విరగ్గొట్టండి. రావాల్సిన రోజున రాకపోవడం, ముందే రావడం, ఒకరికే కనిపించడం, ఏదైనా సరే. నీలి కథలో నాలుగోసారి నలభై ఒకటో రాత్రి వస్తుంది, చుక్క రాదు. నలభై రెండు, నలభై మూడు. చెరసాల నిండిపోయింది, నీలి కూడా లోపలే ఉంది. చుక్క లేకుండా తీర్పు చెప్పాలా వద్దా అని న్యాయాధిపతి మొదటిసారి తనంతట తాను ఆలోచించాలి. చుక్క ఎందుకు రాలేదో నేను చెప్పలేదు, చెప్పమని చాలామంది అడిగారు, ఇప్పటికీ చెప్పను. మీ కథకు కారణం కావాలనిపిస్తే పెట్టుకోండి, కానీ అది మనుషుల నిర్ణయం కన్నా పెద్దది కాకుండా చూసుకోండి.

మొదటి మూడు దర్శనాల్లో లెక్క కచ్చితంగా కుదరకపోతే నాలుగోసారి తప్పినా ఎవరికీ తెలియదు. 2వ మెట్టులో కాగితం రాయమన్నది ఇందుకే.

మళ్ళీ మళ్ళీ కనిపించే తప్పులు

జోస్యం పద్యంలో ఉండటం, ఆ పద్యం అక్షరాలా నిజం కావడం. అప్పుడు పాత్రలు చేయడానికి ఏమీ ఉండదు, తోకచుక్కే కథ నడుపుతుంది. శకునం సగం నిజం కావాలి, లేదా నమ్మినవాళ్ల వల్లే నిజం కావాలి, లేదా అసలు కాకూడదు. కాకపోయినా కథ ఉంటుంది. 1910లో భూమి హేలీ తోకచుక్క తోకలోంచి వెళ్తుందని, ఆ తోకలో విషవాయువు ఉందని తెలిసి జనం బెంబేలెత్తిపోయారు, దాని నుంచి కాపాడతాయని మాత్రలు కూడా అమ్ముడుపోయాయి. ఏమీ జరగలేదు. ఆ మాత్రలు అమ్మినవాడి మీద ఒక నవల రాయొచ్చు.

ఇంకో తప్పు, హీరో పుట్టినప్పుడు మాత్రమే శకునం కనిపించడం. ఆ రాత్రి పుట్టిన మిగతా పిల్లల సంగతేంటి? మా నీలితో పాటు ఆ నలభై రోజుల్లో పుట్టినవాళ్లు వందల్లో ఉంటారు, వాళ్లలో ఒకడు తర్వాత అదే న్యాయసభలో గుమాస్తా అవుతాడు. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే రెండో కథ ఉచితంగా దొరుకుతుంది.

ప్రతి అధ్యాయం చివర శకునం పెట్టి ముగించడం గురించి చెప్పక్కర్లేదనుకుంటా.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదట కత్తెర పరీక్ష. ఒక దర్శనాన్ని పూర్తిగా తీసేసి తర్వాతి చాప్టర్ చదవండి. కథలో ఎక్కడా తేడా రాలేదంటే అది ఉండనక్కర్లేదు. నా పదకొండు ఎర్ర చంద్రుల్లో ఈ పరీక్షకు నిలిచినవి మూడు.

రెండోది, దర్శనాల సీన్లు మాత్రమే తీసి వరుసగా చదవండి, మధ్య కథ లేకుండా. ఒక చిన్న కథలా నడవాలి, ముందుకు జరగాలి. ఒకే పేజీని నాలుగుసార్లు చదివినట్టు ఉంటే 5వ మెట్టుకు వెనక్కి వెళ్ళండి. ఒకే ఉపమానం రెండుసార్లు దొరికితే రెండోది కొట్టేయండి (నాకు "రక్తం" ఆరుసార్లు దొరికింది).

మూడోది, మీ కథ చదవని ఆ మనిషికి మొత్తం ఇచ్చి, చదివాక ఒక్కటే అడగండి: "ఆ చుక్కకు అర్థం ఏంటి?" వెంటనే ఒక్క ముక్కలో చెప్పేస్తే మీరు ఎక్కువ వివరించారు. "ఏ చుక్క?" అంటే 6వ మెట్టు సరిగా పడలేదు. కాసేపు ఆలోచించి, "మొదట్లో ఏమనుకున్నానంటే..." అని మొదలుపెడితే మధ్యలో అడ్డుపడకండి, ఏ పేజీ దగ్గర అతని అభిప్రాయం మారిందో మాత్రం కనుక్కుని రాసుకోండి. ఆ పేజీ మీరు మార్చాలనుకున్న పేజీ కాకపోతే, రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూడండి.